నా వైపు బ్రేకు

సెప్టెంబర్ 3, బుధవారం

అడగకూడదట. అడగాలనిపించినప్పుడల్లా ఎక్కడైనా రాసుకుంటే మంచిదట. అందుకే ఈ డైరీ తీశాను. కళ్లద్దాల ఫ్రేములు చేసే కంపెనీవాళ్లు కొత్త సంవత్సరానికి మా ఆయన షాపుకిచ్చారు. ఇన్నాళ్లూ వంటింటి బల్ల ఊగకుండా దాని కాలి కింద ఉంది. ఇప్పుడు బల్ల ఊగుతోంది, నేను రాస్తున్నాను.

మిరపకాయని ఇవాళ మొదటిసారి మాటల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మాటల డాక్టరు అన్నది అత్తయ్య పెట్టిన పేరు. రోజూ బడి టైముకి కడుపు నొప్పని పిల్ల మెలికలు తిరుగుతుంటే కడుపు డాక్టరుకి చూపించాం. స్కానింగులన్నీ తీసి, "లోపలంతా బ్రహ్మాండంగా ఉందమ్మా. ఒకసారి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి" అన్నాడు. అంత బ్రహ్మాండంగా ఉంటే పొద్దున్నే ఆ ఏడుపేమిటి?

"మాటలకి డాక్టరేంటే అమ్మాయ్? మనింట్లో మాటలకేం కరువు? నీ దగ్గరున్నవాట్లో సగం దానికి పోస్తే ఇద్దరూ బాగుపడతారు" అంది అత్తయ్య.

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎందుకంటే ఒకప్పుడు ఆ పిల్ల దగ్గర నాకంటే ఎక్కువే ఉండేవి. నాలుగేళ్లప్పుడు షాపులో కూర్చుని, అద్దాలు పెట్టుకు చూసుకుంటున్న ఒక పెద్దమనిషితో "మీకు బాలేదు, గుడ్లగూబలా ఉన్నారు" అని బేరం చెడగొట్టింది. మిరపకాయ అని పేరొచ్చింది అప్పుడే. ఇప్పుడు పదమూడేళ్లు. ఏమడిగినా "ఊఁ." తింటావా, ఊఁ. తినవా, ఊఁ. ఘాటంతా ఎక్కడికి పోయిందో తెలియదు.

మాటల డాక్టరు చిన్నపిల్ల. నా దగ్గరికి డ్రైవింగ్ నేర్చుకోవడానికి వస్తే లైసెన్సు వయసొచ్చిందా అని అడిగి ఉండేదాన్ని. ముందు మా ముగ్గురినీ కూర్చోబెట్టి పద్ధతులు చెప్పింది. గదిలో పిల్ల చెప్పినవి గదిలోనే ఉంటాయి. పిల్లకి గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం అనిపిస్తే మాత్రం మాకు చెప్తుంది, ఆ సంగతి పిల్లకి కూడా ముందే చెప్పింది. కొన్ని వారాలకోసారి మమ్మల్నిద్దరినీ పిలుస్తుంది. మొదట్లో పిల్ల ఇంకా చికాగ్గా కనిపించొచ్చు, కంగారు పడకూడదు. బయటికి రాగానే ఏం మాట్లాడావని అడగకూడదు.

"ఎన్నాళ్లు పడుతుందండీ?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేనండి."

నేనైతే ఇరవై క్లాసులని బోర్డు మీద రాసిపెడతాను.

తర్వాత పిల్లని లోపలికి తీసుకుని తలుపు వేసింది. మంచి చెక్క తలుపు. నేను చెవి ఆనించలేదు. చెప్పు పట్టీ పెట్టుకోవడానికి అటు వంగాను, అంతే. ఏమీ వినపడలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్క ప్రశ్న అడగలేదు. గది బాగుందా అన్నాను. గది గురించి అడగడం అడగడం కాదు. "ఊఁ" అంది. కుర్చీలు మెత్తగా ఉన్నాయా అన్నాను. "ఊఁ." ఆ కుర్చీలో కూర్చుని నువ్వెక్కువ మాట్లాడావా, ఆవిడ ఎక్కువ మాట్లాడిందా అన్నాను. ఇది కూడా కుర్చీ గురించే.

కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సెప్టెంబర్ 4, గురువారం

కడుపు నొప్పి. బడికి వెళ్లలేదు. సరే, డాక్టరుకి ఇంకో రోజు టైమిద్దాం.

సెప్టెంబర్ 6, శనివారం

మా బిల్డింగ్ లిఫ్ట్ చెడిపోయి చాలా కాలమైంది. అందువల్ల మెట్ల మీద ఎవరి నుంచి ఎవరూ తప్పించుకోలేరు. ఇవాళ నేను కింది ఫ్లాట్ లెక్కల టీచరమ్మకి దొరికిపోయాను. ఆవిడ రిటైరైనా ప్రశ్నలు రిటైర్ కాలేదు.

"బుధవారం పూట షాపు కట్టేసి మరీ ముగ్గురూ ఎటో వెళ్లారు?"

నా నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఒక్కసారి ఏదైనా దాచాలంటే నోటికి ఏదొస్తే అదే. "అమ్మాయిని పాట క్లాసులో చేర్పించామండీ" అనేశాను.

పాటే ఎందుకన్నానో నాకే తెలియదు. ఈత అన్నా బాగుండేది. మెట్ల మీద నిలబెట్టి "ఏదీ, ఒకసారి ఈది చూపించు" అని ఎవరూ అనరు.

సిగ్గుపడి కాదు. ఊరందరికీ ఎందుకు చెప్పడమని, అంతే.

సెప్టెంబర్ 10, బుధవారం

బడి దగ్గర్నించి నేరుగా తీసుకెళ్లాను. గేటులోంచి నలుగురమ్మాయిలు వచ్చారు. మిగతా ముగ్గురూ చేతులూపుకుంటూ కబుర్లాడుకుంటూ వస్తున్నారు, మా మిరపకాయ రెండు భుజాలకీ కలిపి నాలుగు బ్యాగులు మోసుకుంటూ వెనక వస్తోంది. ఎంత బలమో! నా పోలికే. ఎంత మంచి మనసో కూడా.

తిరుగు ప్రయాణంలో వాతావరణం గురించి మాట్లాడాను. లోపల ఫ్యాను ఉందా అన్నాను. ఉందట.

సెప్టెంబర్ 15, సోమవారం

నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్న పళ్ల డాక్టరుతో రోడ్డెక్కితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నట్టే. మనిషి మంచివాడు, అందరి నోళ్లలోకీ వణకకుండా చేతులు పెడతాడు, స్టీరింగు పట్టుకుంటే మాత్రం వణుకుతాడు. ఇవాళ మలుపు దగ్గర సైకిలు అల్లంత దూరాన కనపడగానే నా వైపు బ్రేకు తొక్కాను. బండి ఆగింది.

"మేడం, ఒక సందేహం. ఇప్పుడు బండి ఆగింది నా వల్లా, మీ వల్లా?"

"ఇద్దరి వల్లా."

"నేనూ తొక్కానండీ. కానీ మీరు ముందే తొక్కేస్తారు. ఇన్ని క్లాసులైంది, మీ పాదం మీద నాకు బాగా నమ్మకం కుదిరింది. నా పాదం మీదే కుదరట్లేదు."

నవ్వేసి ఊరుకున్నాను. నా కారులో బ్రేకులు రెండున్నది అలంకారానికా?

సెప్టెంబర్ 17, బుధవారం

నేను అడగలేదు. మా ఆయన్ని అడగమన్నాను.

ఆయన పిల్ల పక్కన కూర్చుని, షాపులో కళ్లు పరీక్ష చేసేటప్పటి గొంతుతో, "పోయిన వారం కంటే బాగుందా, అలాగే ఉందా?" అన్నారు. "అలాగే ఉంది నాన్నా" అంది. "సరే" అని పేపరు తీసుకున్నారు. అయిపోయింది! ఇరవై ఏళ్లుగా కళ్లు చూస్తున్న మనిషికి ఎదురుగా ఉన్న మొహం చదవడం రాదు.

కానీ ఆయనకి రెండు మాటలు దక్కాయి. నాకు "ఊఁ" ఒక్కటే.

సెప్టెంబర్ 24, బుధవారం

ఇవాళ మాటల డాక్టరు మమ్మల్నిద్దర్నీ పిలిచింది. ఫిర్యాదులుంటాయనుకుని దారి పొడుగునా జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ అడిగింది ఒకటే.

"ఇంట్లో తను ఎప్పుడైనా 'వద్దు' అంటుందా?"

"అస్సలు అనదండీ!" అన్నాను గొప్పగా. "ఏం పెడితే అది తింటుంది, ఏం కొంటే అది కట్టుకుంటుంది. ఎవరేం చెప్పినా ఊఁ అంటుంది. మా చుట్టాల్లో అందరూ మెచ్చుకుంటారు."

ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుంది. మా ఆయన తల తిప్పి నా వైపు చూశారు.

"కొన్నాళ్లు ఆ మాట ఎక్కువగా వినపడొచ్చు. ఏమేం మాట్లాడుకుంటున్నామో చెప్పను గానీ, ఇది చెప్తే పర్లేదని తనే అంది. వినపడితే సంతోషించండి."

సంతోషిస్తామని ఇద్దరం తలూపాం. సంతోషించడంలో నేనెప్పుడూ ముందుంటాను.

సెప్టెంబర్ 27, శనివారం

దానికి ఆకుపచ్చ చొక్కా కొన్నాను. "వద్దమ్మా. నాకీ రంగు నచ్చదు" అంది.

నేను సంతోషించలేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

జడ వేస్తానంటే వద్దు. ఇంకో గరిటె వడ్డిస్తానంటే వద్దు. మా చెల్లెలింటికి వస్తావా అంటే వద్దు. ఆకుపచ్చ నీకెప్పట్నుంచి నచ్చదే అంటే, "ఎప్పుడూ నచ్చదు" అంది. దాని అలమరలో సగం ఆకుపచ్చే. అన్నీ నేను కొన్నవే.

"బాగుంది. ఫీజు కట్టి మరీ ఎదురుచెప్పడం నేర్పిస్తున్నారు. నేనైతే ఊరికే నేర్పేదాన్ని" అంది అత్తయ్య.

సెప్టెంబర్ 30, మంగళవారం

ఇక చాలు.

పొద్దున బ్యాగు సర్దబోతే "వద్దు, నేను సర్దుకుంటా" అని నా చేతిలోంచి లాక్కుని తలుపు ధడాలున వేసుకుంది. ఆ చప్పుడుకి అత్తయ్య చేతిలోని కాఫీ ఒళ్లో ఒలికిపోయింది. కడుపు నొప్పి తగ్గిందా అంటే తగ్గలేదు. నోరు మాత్రం లేచింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. రేపు ఆ మాటల డాక్టరుకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేస్తాను. నా పిల్లని నేను చూసుకోలేనా?

అక్టోబర్ 1, బుధవారం

"ఇవాళ్టి నుంచి అక్కడికి వెళ్లక్కర్లేదులే" అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"వెళ్తాను" అంది.

"ఎందుకు? తగ్గలేదుగా."

"తగ్గలేదు. అయినా వెళ్తానమ్మా. వద్దనకు."

అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లలో నీళ్లున్నాయి. అది నన్ను ఏదైనా కావాలని అడిగి ఎన్నాళ్లైందా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. తాళాలు తీసుకుని బయల్దేరాను.

పోనూ రానూ కారులో కుర్చీల సంగతి కూడా అడగలేదు.

అక్టోబర్ 5, ఆదివారం

కొంప మునిగింది.

కొత్త లిఫ్ట్ పెడుతున్నారు. వచ్చే నెల ఎనిమిదిన ప్రారంభమట. కింద అందరం సమావేశమయ్యాం. అంతా అయ్యాక లెక్కల టీచరమ్మ లేచి, "ప్రారంభం రోజున పై ఫ్లాట్ అమ్మాయి పాట పాడుతుంది. పాట క్లాసుకి వెళ్తోందిగా. మెట్ల మీద అడిగాను, ఒప్పేసుకుంది!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చేయాలో తెలియక.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

పైకొచ్చి, "ఎందుకు ఒప్పుకున్నావే? పాడలేనని చెప్పొచ్చుగా" అన్నాను.

"నేను పాట క్లాసుకి వెళ్తున్నానని నువ్వే చెప్పావట. కాదంటే నువ్వు అబద్ధం చెప్పినట్టు అవుతుందని ఊఁ అన్నా."

అది చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ, నా వైపు చూడకుండా, "అమ్మా, నేను అక్కడికెళ్లడం నీకు సిగ్గా?" అంది.

"లేదు" అన్నాను. వెంటనే అన్నాను. మరీ వెంటనే అనేశాను.

సిగ్గే. పిల్లకి కాలు విరిగితే ఊరంతా చెప్పి కట్టు మీద సంతకాలు పెట్టించేదాన్ని. దీనికి మాత్రం పాట అన్నాను. నా పరువు పోకుండా అది తన కడుపు నొప్పి మీద ఇంకో బరువు ఎత్తుకుంది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, వంటింట్లో, నీళ్ల పంపు తిప్పి.

అక్టోబర్ 8, బుధవారం

మూడు రోజులుగా ఆగకుండా నొప్పి. ఇవాళ బడి గేటు దగ్గర మళ్లీ చూశాను, నాలుగు బ్యాగులు. అది బలం కాదు. ఎన్ని వారాలు పట్టింది నాకు!

మాటల డాక్టరు గది బయట ఆవిణ్ని ఆపి, "లెక్కల టీచరమ్మతో నేనే వెళ్లి చెప్పేస్తానండీ, మా అమ్మాయి పాడదని. రెండు నిమిషాల పని" అన్నాను.

"తనని అడిగారా?"

అడగొద్దన్నది ఈవిడే, అడిగారా అనేది ఈవిడే. కారులో అడిగాను.

"వద్దు. నేను చెప్తా" అంది.

"ఎప్పుడు చెప్తావు?"

"చెప్తా."

"పోనీ, ఇద్దరం కలిసి..."

"అమ్మా! నీ అబద్ధం నువ్వు చెప్పుకో. నా పాట నేను చెప్పుకుంటా."

ఎర్ర లైటు పడింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మాటకి నేనే ఎక్కడో గుద్ది ఉండేదాన్ని. మిరపకాయ! ఎన్నాళ్లకి తగిలింది ఘాటు!

అక్టోబర్ 12, ఆదివారం

కిందికి వెళ్లి, పాట క్లాసు అబద్ధమని చెప్పాను. ముందు పిల్లని అడిగే వెళ్లాను. "కౌన్సెలర్ అని చెప్పు. కడుపు నొప్పి సంగతి చెప్పకు" అంది. అంతవరకే చెప్పాను. మెట్లు దిగుతూ, లైసెన్సు టెస్టుకొచ్చినవాళ్లలా, చెప్పాల్సింది రెండుసార్లు వల్లెవేసుకున్నాను.

లెక్కల టీచరమ్మ అటూ ఇటూ చూసి, నన్ను లోపలికి లాగి తలుపు వేసింది.

"మా అక్క మనవడు కూడా అలాంటి చోటికే వెళ్తాడమ్మా. మేం ఈత క్లాసని చెప్పుకుంటాం."

ఇద్దరం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. ఆవిడకి దగ్గొచ్చేదాకా నవ్వాం. ఈత నాకెందుకు తట్టలేదా అని ఇంకా బాధగానే ఉంది.

లేచేటప్పుడు, "అయినా పాడుతుందిగా? ఊఁ అందిగా!" అంది.

నాలిక చివర్న ఉంది. ఒక్క మాట అంటే అయిపోయేది. "అది దాన్నే అడగండి" అని వచ్చేశాను. నా జీవితంలో ఇంత చిన్న జవాబు ఎవరికీ ఇవ్వలేదు.

అక్టోబర్ 16, గురువారం

పిల్ల ఇంకా చెప్పలేదు.

అక్టోబర్ 18, శనివారం

చెప్పలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంటుంది అత్తయ్య. కత్తిపీట కన్నతల్లైతే దురద ఉంటుంది.

అక్టోబర్ 20, సోమవారం

ఇవాళ పళ్ల డాక్టరు క్లాసులో ఒక పని చేశాను. జనం లేని వెనక వీధిలోకి తీసుకెళ్లి, నా కాళ్లు రెండూ పైకి తీసుకుని సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నాను. అది పద్ధతి కాదు. ఎవరైనా చూస్తే నా లైసెన్సు పోతుంది. కానీ బండి నడక కంటే నెమ్మదిగా వెళ్తోంది, ఎదురుగా చెత్తకుండీ తప్ప ప్రాణి లేదు.

చెత్తకుండీ దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. కాళ్లు కిందికి జారకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. కుండీ మీద కూర్చున్న పిల్లి మా వైపు చూసి, లేచి, దూకి వెళ్లిపోయింది. అప్పుడు బండి ఆగింది. మధ్యలో ఓ మూర చోటుంది.

"నా వల్లే!" అని అరిచాడు పళ్ల డాక్టరు. "మేడం, నా వల్లే ఆగింది!" తలుపు తీసుకుని దిగి, బండి చుట్టూ తిరిగి చూసొచ్చాడు. ఎన్నో పళ్లు పీకిన మనిషి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకు మాత్రం మఠం విప్పితే కాళ్లు తిమ్మిరెక్కి కదల్లేదు.

అక్టోబర్ 22, బుధవారం

మాటల డాక్టరు మళ్లీ మమ్మల్ని పిలిచింది. "నేను ఏం చేయాలో చెప్పండి" అన్నాను.

"చేస్తూనే ఉన్నారు కదండీ" అంది.

ఏం చేస్తున్నాను? కూర్చుని ఉన్నాను! మా ఆయన మాత్రం బయటికొచ్చాక, "పోయిన నెల కంటే బాగుంది" అన్నారు. పిల్ల గురించా, నా గురించా అని అడిగితే పేపరు తీశారు.

అక్టోబర్ 27, సోమవారం

పళ్ల డాక్టరు లైసెన్సు టెస్టు పాసయ్యాడు. మా ఇంటిల్లిపాదికీ ఊరికే పళ్లు క్లీన్ చేస్తానన్నాడు. అత్తయ్యకి ఉన్నవి నాలుగే, అయినా ముందు వరసలో ఉంది.

అక్టోబర్ 29, బుధవారం

బడి గేటు. రెండు బ్యాగులు. రెండుసార్లు లెక్కపెట్టాను.

నవంబర్ 3, సోమవారం

నొప్పి వచ్చింది. కాసేపు పడుకుని, లేచి, బడికి వెళ్లింది. ఎవరూ వెళ్లమనలేదు. లిఫ్ట్‌వాళ్లు కింద రంగులు వేస్తున్నారు. లెక్కల టీచరమ్మ పాటకని మైకు తెప్పిస్తోందట. పిల్ల ఇంకా చెప్పలేదు. వంటింట్లో నిలబడితే నా కుడికాలు దానంతటదే నేలని నొక్కుతోంది. "ఆ టైలు ఏం పాపం చేసిందే?" అంది అత్తయ్య.

నవంబర్ 6, గురువారం

సాయంత్రం బజారు సంచీతో మెట్లెక్కి వచ్చాను. ఇంకా తాళం తీయలేదు, కింద మెట్ల మలుపులో దాని గొంతు వినపడింది.

"ఆంటీ, మీతో ఒక మాట చెప్పాలి."

సంచీ కింద పెట్టాను. ఉల్లిపాయ ఒకటి దొర్లుకుంటూ పోయింది, పోనీ అనుకున్నాను.

"నేను శనివారం పాడను. ఊఁ అన్నాను కానీ, నాకు పాడటం ఇష్టం లేదు. అప్పుడే చెప్పాల్సింది."

"అయ్యో, అదేంటమ్మా! ఒక్క పాటేగా. చిన్నది పాడు చాలు."

"వద్దాంటీ."

"మైకు కూడా చెప్పేశానే. అందరూ మనవాళ్లే, సిగ్గెందుకు?"

అంతే, నా కాలు మెట్టు దిగింది. నాకు తెలియకుండానే దిగింది. రెండు గెంతుల్లో కిందుండేదాన్ని. 'పిల్ల వద్దంటోందిగా' అని అరిస్తే క్షణంలో అయిపోతుంది. అప్పుడు బండి ఎవరి వల్ల ఆగినట్టు?

అక్కడే మెట్టు మీద కూలబడి, కాళ్లు రెండూ పైకి తీసుకుని మఠం వేసి పట్టుకున్నాను.

కింద దాని చెప్పు మెట్టుకి రాసుకుంటున్న చప్పుడు. ఇక ఊఁ అంటుంది, అనేస్తుంది అనుకున్నాను. నా కడుపులో నొప్పి మొదలైంది. రోజూ పొద్దున దానికి ఇలాగే ఉంటుందా?

"సిగ్గు కాదాంటీ. నాకు వద్దు" అంది.

అరవలేదు, ఏడవలేదు. కూర వద్దన్నట్టే అంది.

లెక్కల టీచరమ్మ నిట్టూర్చింది. "సర్లే. మరి ఇప్పుడు ఎవరు పాడతారు? మైకేం చేసుకోను?"

"మీరు పాడొచ్చుగా. బట్టలారేసేటప్పుడు పాడతారుగా, మా బాల్కనీలోకి వినపడుతుంది."

"నీకు వినపడుతుందా?" ఆవిడ గొంతు ఒక్కసారిగా పదహారేళ్లకి పోయింది. "ఏ పాట విన్నావు? మొన్నటిదా? అది కొంచెం పైశ్రుతిలో ఉంటుందిలే... శనివారం అదే పాడనా అంటావా?"

అది పైకొచ్చేసరికి నేను మెట్టు మీద మఠం వేసుకునే ఉన్నాను. దారిలో దొరికిన ఉల్లిపాయ నా చేతికిచ్చింది.

"విన్నావా?"

"విన్నాను."

"మరి రాలేదేం?"

"కాళ్లు తిమ్మిరెక్కాయి" అన్నాను. నిజమే చెప్పాను. చేయిచ్చి లేపింది.

నవంబర్ 8, శనివారం

కొత్త లిఫ్ట్ ప్రారంభమైంది. లెక్కల టీచరమ్మ పాడింది. శ్రుతి ఒక దారి, లయ ఒక దారి, ఆవిడ మాత్రం ఎక్కడా ఆగకుండా చివరిదాకా పాడింది. ఆ సంతోషం చూసి అందరం గట్టిగా చప్పట్లు కొట్టాం. మళ్లీ పాడమన్నారనుకుని మళ్లీ పాడింది. మిరపకాయ ఈలవేసింది. దానికి ఈల వేయడం వచ్చని నాకు తెలియదు.

లిఫ్ట్ ఎక్కితే అరనిమిషంలో ఇంట్లో ఉన్నాం. ఇక మెట్ల మీద మాటలుండవు. కొంచెం దిగులుగా ఉంది.

నవంబర్ 12, బుధవారం

బడి గేటులోంచి వచ్చింది. ఒక్కటే బ్యాగు, దానిదే. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి మొహం మాడ్చుకుని విడిగా వెళ్లింది. మిగతా ఇద్దరూ తమ బ్యాగులు తామే మోసుకుంటూ దీని పక్కనే నడిచారు. గేటు దగ్గర ఏదో అనుకుని ముగ్గురూ నవ్వారు. ఏమనుకున్నారో నాకు తెలియదు.

అసలు ఏమీ తెలియదు. ఆ గదిలో ఇన్ని వారాలు ఏం మాట్లాడుకున్నారో, ఈ బ్యాగుల సంగతి ఎప్పుడు మొదలైందో, నేను కొన్న ఆకుపచ్చ చొక్కాల గురించి ఎంత చెప్పుకుందో. మొన్న సోమవారం కూడా కడుపు నొప్పి వచ్చింది. ఇంకా వస్తుందేమో. ఇంకెన్నాళ్లు అని మాటల డాక్టర్ని ఇప్పుడు అడగట్లేదు.

తిరిగొచ్చేటప్పుడు నేను రోడ్డు చూసుకుంటూ నడుపుతున్నాను. అది సీటు వెనక్కి వాల్చుకుని, "ఈమధ్య అడగట్లేదేం?" అంది.

"ఏంటి?"

"గదిలో ఫ్యాను తిరుగుతోందా, కుర్చీలు మెత్తగా ఉన్నాయా... అవన్నీ."

చెవులు వేడెక్కాయి. "అడగొద్దన్నారుగా."

"అడుగు. నువ్వు అడక్కుండా ఉంటే ఇల్లు ఇల్లులా లేదు."

బండి నెమ్మది చేసి, గొంతు సవరించుకుని, ఇన్నాళ్లూ ఈ డైరీలో దాచుకున్న ప్రశ్న అడిగేశాను. "ఇవాళ ఏం మాట్లాడుకున్నారు?"

"చెప్పను" అంది మిరపకాయ.

అని, పళ్లన్నీ కనపడేలా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు, కొట్టుకోనీ. రేడియో పెట్టనా అన్నాను. "వద్దు, నేను మాట్లాడతా" అంది. ఇల్లు చేరేదాకా మాట్లాడింది. నేను చెప్పిన చెత్తకుండీ పిల్లి గురించి, ఈల గురించి, నానమ్మ నాలుగు పళ్ల గురించి.

బల్ల ఊగుతోందని అత్తయ్య ఇందాకటి నుంచి సణుగుతోంది. ఈ డైరీ మళ్లీ దాని కాలి కింద పెట్టేస్తాను. వచ్చే బుధవారం కూడా అడగాలి. చెప్పను అంటుంది.